యూనివర్సిటీలో చేరారు సరే, ఏ యూనివర్సిటీలో?

ఇంగ్లండ్‌లో పై చదువులకు వెళ్లే అవకాశం అందరికంటే తక్కువ ఎవరికి అని అడిగితే, చాలామంది తడుముకోకుండా నల్లజాతి పిల్లలకనో, పాకిస్తానీ కుటుంబాల పిల్లలకనో చెబుతారు. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. జిప్సీ, రోమా, ఐరిష్ ట్రావెలర్ లాంటి చిన్న సమూహాలను పక్కనపెడితే, ఆ జాబితాలో దాదాపు అట్టడుగున ఉన్నది తెల్లజాతి బ్రిటిష్ పిల్లలే. ప్రభుత్వ స్కూళ్లలో చదివిన పిల్లల్లో 19 ఏళ్లు వచ్చేసరికి డిగ్రీ చదువులో చేరినవాళ్లు ఎంతమంది అని 2020ల తొలి ఏళ్లలో చూస్తే, చైనా మూలాలవాళ్లలో వందకు 80 మందికి పైనే ఉన్నారు. నల్లజాతి పిల్లల్లో 60 దాటారు. తెల్ల పిల్లల్లో 40కి అటూ ఇటూ ఆగిపోయారు.

పేదరికాన్ని కూడా కలిపి చూస్తే ఈ తేడా ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ పరిశోధకులు 2015లో చేసిన విశ్లేషణ ప్రకారం, అతి పేద కుటుంబాల నుంచి వచ్చిన చైనా మూలాల పిల్లలు యూనివర్సిటీకి వెళ్లే అవకాశం, అతి సంపన్న కుటుంబాల తెల్లజాతి బ్రిటిష్ పిల్లల అవకాశం కంటే 10 శాతం పాయింట్లకు పైగా ఎక్కువ. బ్రిటన్‌లో కుటుంబం పేదదా కాదా అన్నది తెలుసుకోవడానికి స్కూల్లో ఉచిత భోజనానికి అర్హత ఉందా అని చూస్తారు. 2021లో పార్లమెంటు విద్యా కమిటీ బయటపెట్టిన లెక్కల్లో, ఆ అర్హత ఉన్న తెల్లజాతి బ్రిటిష్ పిల్లల్లో పై చదువుకు వెళ్లినవాళ్లు 16 శాతం మాత్రమే. అదే పేదరికంలో ఉన్న ఆఫ్రికన్ నల్లజాతి పిల్లల్లో వాళ్లు 59 శాతం. కరీబియన్ నల్లజాతి పిల్లల్లో 32 శాతం.

ఇక్కడితో ఆగిపోతే, జాతి వివక్ష సమస్య చదువుల్లోనైనా తీరిపోయిందనీ, ఇక మిగిలింది పేద తెల్లవాళ్ల సమస్యేననీ తేల్చేయొచ్చు. బ్రిటన్ రాజకీయాల్లో అలా తేల్చేసినవాళ్లు తక్కువేమీ లేరు. పేద తెల్ల పిల్లల సమస్య నిజమైనదే, తీవ్రమైనదే. కానీ 'చేరారా లేదా' అన్న ప్రశ్న వెనకాలే 'ఎక్కడ చేరారు' అన్నది కూడా అడిగితే లెక్క మారిపోతుంది. మొదటి ప్రశ్నలో అందరికంటే ముందున్న కొన్ని సమూహాలు రెండో ప్రశ్న దగ్గర చాలా వెనక్కి జారిపోతాయి.

బ్రిటన్‌లో యూనివర్సిటీలన్నీ కాగితం మీద సమానమే. 1992లో వచ్చిన చట్టంతో, అప్పటిదాకా పాలిటెక్నిక్‌లుగా ఉన్న సంస్థలన్నీ యూనివర్సిటీలయ్యాయి. చట్టం సమానం చేసింది కానీ పేరు ప్రతిష్ఠల్లో సమానం కాలేదు. రెండేళ్లకే, 1994లో, పాత పరిశోధనా యూనివర్సిటీలు కొన్ని ఒక బృందంగా ఏర్పడ్డాయి. లండన్‌లోని హోటల్ రసెల్‌లో సమావేశమయ్యేవి కాబట్టి ఆ బృందానికి రసెల్ గ్రూప్ అన్న పేరు స్థిరపడింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్, మాంచెస్టర్, ఎడిన్‌బరో అన్నీ అందులోవే. ఇప్పుడు సభ్యుల సంఖ్య 24. ప్రభుత్వ గణాంకాల్లో 'హై టారిఫ్' అని ఇంకో కొలమానం ఉంది. చేరే విద్యార్థులకు 'ఏ లెవెల్' అనే స్కూలు చివరి పరీక్షల్లో వచ్చిన గ్రేడ్లను పాయింట్లుగా మార్చి, సగటు పాయింట్లను బట్టి యూనివర్సిటీలను వరుసలో పెట్టి, పైనున్న మూడో వంతును హై టారిఫ్ అంటారు. ఈ రెండు జాబితాలూ పూర్తిగా ఒకటి కాకపోయినా చాలావరకు కలుస్తాయి. మన మాటల్లో చెప్పాలంటే 'పేరున్న కాలేజీలు'.

ఇప్పుడు మళ్లీ లెక్కకు వద్దాం. మొత్తం తెల్ల పిల్లల్లో పేరున్న యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు వందకు పది, పన్నెండు మంది. నల్లజాతి పిల్లల్లోనూ దాదాపు అంతే. పైకి సమానంగానే ఉంది. కానీ తెల్లవాళ్లలో డిగ్రీ చదివేవాళ్లే 40 మంది, నల్లవాళ్లలో 60 మందికి పైగా. అంటే యూనివర్సిటీ మెట్టెక్కిన తెల్ల విద్యార్థుల్లో సుమారు నలుగురిలో ఒకరు పేరున్న చోట చేరుతుంటే, నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురిలో ఒకరే చేరుతున్నారు. చైనా మూలాలవాళ్ల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. వాళ్లలో వందకు దాదాపు 40 మంది హై టారిఫ్ యూనివర్సిటీల్లోనే ఉంటారు.

నల్లజాతి అనే ఒక్క ముద్ర వేసి చూస్తే ఇంకో పెద్ద విషయం కనబడకుండా పోతుంది. నైజీరియా, ఘనా లాంటి దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకెత్తు. 1948 నుంచి జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్‌ల నుంచి వచ్చిన కరీబియన్ కుటుంబాల పిల్లలు, మనవలు ఇంకొకెత్తు. ఆఫ్రికన్ కుటుంబాల పిల్లల్లో పై చదువులకు వెళ్లేవాళ్లు వందకు 70 దగ్గర ఉంటే, కరీబియన్ పిల్లల్లో సగానికి కాస్త అటూ ఇటూ. పేరున్న యూనివర్సిటీ దగ్గరకు వచ్చేసరికి కరీబియన్ పిల్లల్లో వందకు పదిమంది కూడా తేలరు. తెల్ల పిల్లలకంటే కూడా తక్కువన్నమాట. 2000ల మధ్యలో ఒక్క లండన్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో ఉన్న కరీబియన్ నల్లజాతి విద్యార్థుల సంఖ్య, రసెల్ గ్రూప్ మొత్తంలో ఉన్నవాళ్ల సంఖ్యను మించిపోయిందన్న లెక్క బ్రిటన్‌లో చాలా చర్చకు దారితీసింది.

'ఎక్కడ చదివితే ఏముంది, డిగ్రీ డిగ్రీయే కదా' అనుకోవడానికి లేదు. ఇంగ్లండ్‌లో ఫీజులు పేరును బట్టి మారవు. 2012లో ఏడాదికి 9,000 పౌండ్ల పరిమితి పెట్టినప్పుడు దాదాపు అందరూ ఆ పరిమితి దాకా వెళ్లిపోయారు. 2017 నుంచి అది 9,250. 2025లో 9,535 అయింది. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి కట్టేదీ అంతే, ఎవరూ పేరు కూడా వినని చిన్న యూనివర్సిటీ విద్యార్థి కట్టేదీ అంతే. అప్పు కూడా అదే. 2023 ఆగస్టు తరువాత చేరినవాళ్లు జీతం ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన దగ్గర నుంచి, అవసరమైతే 40 ఏళ్ల దాకా, వాయిదాలు కడుతూనే ఉండాలి. చదువయ్యాక దొరికే జీతం మాత్రం అందరికీ ఒకటిగా ఉండదు. పెద్ద లా ఫర్మ్‌లు, బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు ఉద్యోగుల కోసం వెతికేది కొద్ది యూనివర్సిటీల్లోనే. అప్పు సమానంగా పంచి, ఫలితాన్ని అసమానంగా పంచే ఏర్పాటు ఇది. అందుకే చేరినవాళ్ల శాతం పెరిగిందని సంబరపడే ప్రభుత్వ ప్రకటనలను కాస్త అనుమానంగానే చదవాలి.

ఇంతకీ ఈ తేడా ఎక్కడ పుడుతోంది? పేరున్న యూనివర్సిటీ గేటు దగ్గరా, లేక దానికి చాలా ముందే దారిలోనా? పరిశోధకులు ముప్ఫై ఏళ్లుగా వాదించుకుంటున్నది దీని గురించే. రెండు చోట్లా అన్నదే న్యాయమైన జవాబుగా కనబడుతుంది. అయితే రెండిటి బరువూ ఒకటి కాదు.

ముందు దారి సంగతి. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లకు జీసీఎస్ఈ పరీక్షలవుతాయి. ఆ తరువాత రెండేళ్లు ఏ లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటిది. మామూలుగా మూడు సబ్జెక్టులే. ఏ లెవెల్స్ బదులు బీటెక్ అనే వృత్తివిద్యా కోర్సు తీసుకునే దారి కూడా ఉంది (మన ఇంజనీరింగ్ బీటెక్‌తో దీనికి సంబంధం లేదు). యూనివర్సిటీల్లో చేరే నల్లజాతి విద్యార్థుల్లో ఈ దారిన వచ్చేవాళ్ల వాటా తెల్ల విద్యార్థులతో పోలిస్తే చాలా ఎక్కువ. కొత్త యూనివర్సిటీలు వీళ్లను సంతోషంగా తీసుకుంటాయి. రసెల్ గ్రూప్‌లో చాలా కోర్సులకు ఇది పనికిరాదు, లేదా దీనితోపాటు ఏ లెవెల్ కూడా ఉండాలి. అంటే 16 ఏళ్ల వయసులో, చాలాసార్లు ఈ సంగతి విడమర్చి చెప్పే మనిషి ఇంట్లోనూ స్కూల్లోనూ లేకుండానే, పేరున్న యూనివర్సిటీ తలుపు సగం మూసుకుపోతుంది. ఏ లెవెల్స్ తీసుకున్నా ఏ సబ్జెక్టులన్నది ఇంకో చిక్కు. గణితం, ఫిజిక్స్, చరిత్ర లాంటి కొన్ని సబ్జెక్టులుంటే ఎక్కువ దారులు తెరుచుకుంటాయని రసెల్ గ్రూప్ 2011లో ఒక మార్గదర్శిని విడుదల చేసేదాకా, ఆ విషయం మంచి ప్రైవేటు స్కూళ్లకు తెలిసినంతగా మామూలు స్కూళ్లకు తెలియదు. 2019లో ఆ జాబితాను వాళ్లే తీసేశారు.

తరువాత కోర్సు ఎంపిక. దరఖాస్తులన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళ్తాయి. ఒక్కొక్కరూ ఐదు చోట్లకే పెట్టుకోగలరు. మెడిసిన్ అయితే నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒక్కదానికే. ఈ కొద్ది అవకాశాలను దేనిమీద ఖర్చుపెడతారన్నది జాతిని బట్టి చాలా మారుతుంది. వలస వచ్చిన కుటుంబాలు డాక్టరు, లాయరు, ఫార్మసిస్టు, అకౌంటెంటు అని వృత్తిగా నిలిచే చదువులవైపు మొగ్గుతాయి. దీని గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే అవే అన్నిటికంటే ఎక్కువ పోటీ ఉన్న కోర్సులు. 2009 ప్రవేశాల్లో ఆక్స్‌ఫర్డ్‌కు దరఖాస్తు చేసిన నల్లజాతి విద్యార్థుల్లో 44 శాతం, అక్కడ అత్యంత పోటీ ఉన్న మూడు కోర్సులకే పెట్టుకున్నారని ఆ యూనివర్సిటీ చెప్పింది. తెల్ల విద్యార్థుల్లో అది 17 శాతమే. లాటిన్, గ్రీకు లాంటివి చదువుతామని వచ్చేవాళ్లకు సీటు దొరికే అవకాశం అంతకంటే చాలా మెరుగు. కానీ అలాంటి కోర్సు ఒకటుందనీ, అది చదివి కూడా బ్యాంకులో పెద్ద ఉద్యోగం సంపాదించవచ్చనీ తెలియడం దానంతట అదే ఒక వారసత్వ ఆస్తి.

మూడోది ఇల్లు. చదువుల్లో సమాన అవకాశాల కోసం పనిచేసే సట్టన్ ట్రస్ట్ అనే సంస్థ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాల బ్రిటిష్ విద్యార్థులు ఇంట్లోనే ఉండి దగ్గర్లోని యూనివర్సిటీలో చదివే అవకాశం, తెల్ల విద్యార్థులతో పోలిస్తే ఆరు రెట్లకు పైగా ఎక్కువ. ఆడపిల్లను దూరం పంపడానికి తల్లిదండ్రుల జంకు కొంత, హాస్టల్ ఖర్చు కొంత, వడ్డీతో కూడిన అప్పు పట్ల మతపరమైన అభ్యంతరం కొంత. అయితే ఇంటి దగ్గరే చదవడం వల్ల నష్టం అందరికీ ఒకేలా ఉండదు. తూర్పు లండన్‌లో మైల్ ఎండ్ దగ్గర ఉండే బంగ్లాదేశీ అమ్మాయికి నడిచి వెళ్లే దూరంలో క్వీన్ మేరీ యూనివర్సిటీ ఉంది. అది 2012లో రసెల్ గ్రూప్‌లో చేరింది. రైలెక్కితే అరగంటలో కింగ్స్ కాలేజీ, యూనివర్సిటీ కాలేజ్ లండన్ (యూసీఎల్). అదే అమ్మాయి లూటన్‌లో పుట్టి ఉంటే ఊళ్లో ఉన్నది బెడ్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ. రెండు ఇళ్లలోనూ నాన్న చెప్పేది 'ఇంట్లో ఉండి చదువుకో అమ్మా' అనే. ఒక ఇంట్లో ఆ మాటకు పెద్దగా ఖరీదు లేదు. రెండో ఇంట్లో చాలా ఉంది. బంగ్లాదేశీ పిల్లల గణాంకాలు పాకిస్తానీ పిల్లలకంటే మెరుగ్గా ఉండటానికి ఇది కూడా ఒక కారణమే. బంగ్లాదేశీ కుటుంబాల్లో పెద్ద భాగం లండన్‌లో ఉంది. పాకిస్తానీ కుటుంబాలు బర్మింగ్‌హామ్, బ్రాడ్‌ఫర్డ్, లాంకషైర్ మిల్లు పట్టణాల్లో ఎక్కువ.

ఇక గేటు దగ్గరి సంగతి. 1996-97 ప్రవేశాల వివరాలతో మైకేల్ షైనర్, తారిఖ్ మోదూద్ చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. అవే మార్కులున్నా పాత యూనివర్సిటీలు మైనారిటీ విద్యార్థులవైపు తక్కువగా, కొత్త యూనివర్సిటీలు ఎక్కువగా మొగ్గుతున్నాయని అందులో తేలింది. దశాబ్దం తరువాత, 2013లో, విక్కీ బొలివర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1996 నుంచి 2006 దాకా దరఖాస్తులను జల్లెడపట్టారు. ఏ లెవెల్ ఫలితాలు సమానంగా ఉన్నా నల్లజాతి, పాకిస్తానీ, బంగ్లాదేశీ విద్యార్థులకు రసెల్ గ్రూప్ నుంచి ఆఫర్, అంటే సీటిస్తామన్న మాట, వచ్చే అవకాశం తెల్లవాళ్లకంటే తక్కువని చూపించారు. యూనివర్సిటీలు వెంటనే చెప్పిన జవాబు పైన చూసినదే: వాళ్లు పోటీ ఎక్కువున్న కోర్సులకు పెట్టుకుంటున్నారు, అందుకే ఆఫర్లు రావడం లేదు అని.

బొలివర్ 2016లో ఆ జవాబును కూడా పరీక్షకు పెట్టారు. కోర్సుల్లో పోటీని, సబ్జెక్టులను లెక్కలోకి తీసుకున్నా తేడా కొంతే తగ్గింది, మొత్తం పోలేదు. అంతకంటే కలవరపెట్టేది ఇంకొకటి తేలింది. దరఖాస్తుదారుల్లో మైనారిటీలు ఎక్కువగా ఉన్న కోర్సుల్లోనే ఈ తేడా ఎక్కువగా ఉంది. క్లాసులో జాతుల వాటా దేశ జనాభాను పోలి ఉండాలనే ఉద్దేశంతో, ఎంపిక చేసేవాళ్లలో కొందరు మైనారిటీ దరఖాస్తులను కొన్నిటిని పక్కనపెడుతున్నారేమో అన్న అనుమానాన్ని ఆమె వ్యక్తం చేశారు. మెడిసిన్, లా లాంటి కోర్సులకు ఇది ఎంత పెద్ద మాటో చెప్పక్కర్లేదు. అది అనుమానమే, రుజువు కాదు. కానీ కొట్టిపారేయదగ్గది కూడా కాదు.

యూకాస్ 2010ల మధ్య నుంచి యూనివర్సిటీల వారీగా వివరాలు ప్రచురిస్తూ వస్తోంది. టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లు, కోర్సు సమానంగా ఉన్నవాళ్లను పోల్చితే చాలాచోట్ల ఆఫర్లలో తేడా చిన్నదేనని ఆ లెక్కలు చెబుతాయి. బొలివర్ తీసుకున్నది చివరికి వచ్చిన గ్రేడ్లు. యూకాస్ తీసుకున్నది అంచనా గ్రేడ్లు. బ్రిటన్ పద్ధతిలో వింత ఇదే. ఫలితాలు ఆగస్టులో వస్తాయి. ఆఫర్లు అంతకు నెలల ముందే, టీచరు 'ఈ పిల్లకు ఇన్ని రావచ్చు' అని రాసిచ్చిన అంచనా మీద ఇచ్చేస్తారు. ఎంసెట్ ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌కు వెళ్లడం అలవాటైన మనకు ఇది అర్థం కావడమే కష్టం. యూసీఎల్‌కు చెందిన గిల్ వైనెస్ 2016లో చేసిన పరిశోధనలో ఈ అంచనాలు సరిగ్గా నిజమైంది 16 శాతం మంది విషయంలోనే. నాలుగింట మూడొంతుల మందికి ఎక్కువ వేశారు. అదే సమయంలో బాగా చదివే పేద పిల్లలకు మాత్రం, అంతే బాగా చదివే ఉన్నవాళ్ల పిల్లలకంటే తక్కువ అంచనా వేసే ధోరణి కనబడింది. నల్లజాతి పిల్లల విషయంలో అంచనా, ఫలితం కలవకపోవడం మరీ ఎక్కువ. వాళ్లకు సగటున ఎక్కువే వేస్తారు. ఇలా ఎక్కువ వేయడం వల్ల బొలివర్ లెక్క తప్పిపోతుందని కొందరంటారు. ఆలోచిస్తే అది తిరగబడే వాదన. అంచనా ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆఫర్లు కూడా ఎక్కువగా రావాలి కదా. అయినా తక్కువ వచ్చాయంటే తేడా ఇంకా పెద్దదని అర్థం.

ఫలితాలొచ్చాకే ప్రవేశాలు పెడదామని ప్రభుత్వం 2021 జనవరిలో అభిప్రాయాలు అడిగింది. 2022 ఫిబ్రవరిలో ఆ ఆలోచన మానుకుంది. అంతకుముందు పేరు చూసి పక్షపాతం చూపకుండా, దరఖాస్తుల్లో పేర్లు దాచే ప్రయోగం కూడా జరిగింది. ఎక్సెటర్, హడర్స్‌ఫీల్డ్, లివర్‌పూల్, వించెస్టర్ యూనివర్సిటీలు దాన్ని ప్రయత్నించాయి. అది దేశమంతటా విధానంగా మారలేదు. పేరు దాచినా స్కూలు పేరు కనబడుతుంది, అంచనా గ్రేడు అలాగే ఉంటుంది, ఇంటర్వ్యూలో ముఖం కనబడుతుంది. మేలు జరిగిందల్లా 2017 చట్టంతో. జాతి వారీగా ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి ఆఫరిచ్చారు, ఎంతమంది చేరారు అన్నది యూనివర్సిటీలు తప్పనిసరిగా బయటపెట్టాల్సి వచ్చింది.

బయటపెట్టడం ఎంత పనిచేస్తుందో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల విషయంలో చూశాం. 2010లో లేబర్ ఎంపీ డేవిడ్ లామీ సమాచార హక్కు కింద వివరాలు తెప్పించారు. 2009లో ఆక్స్‌ఫర్డ్ తీసుకున్న కరీబియన్ మూలాల బ్రిటిష్ నల్లజాతి విద్యార్థి ఒక్కరేనని తేలింది. ఆఫ్రికన్ మూలాలవాళ్లను కలిపితే సంఖ్య కాస్త పెరుగుతుంది, కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క అంకెనే. ఆయన మళ్లీ 2017లో అడిగి, మళ్లీ ఇబ్బందిపెట్టారు. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ తనంతట తానే ప్రవేశాల నివేదిక ప్రచురించడం మొదలుపెట్టింది. అదే 2018లో ర్యాపర్ స్టార్మ్‌జీ కేంబ్రిడ్జ్‌లో నల్లజాతి విద్యార్థులకు స్కాలర్‌షిప్ ప్రకటించారు. అప్పట్లో ఏడాదికి ఇద్దరికే. అయినా ఆ ప్రకటన 'అది మనలాంటి వాళ్లకు కాదు' అనుకునే పిల్లల్ని కదిలించింది. కేంబ్రిడ్జ్‌లో చేరిన బ్రిటిష్ నల్లజాతి విద్యార్థులు 2018లో 61 మంది అయితే, 2019లో 91, 2020లో 137. ఇంత తక్కువ కాలంలో ఇంత పెరుగుదల వచ్చిందంటే, అర్హులైన పిల్లలు అంతకుముందూ ఉన్నారనే అర్థం. దరఖాస్తు పెట్టలేదు, లేదా పెట్టినా తీసుకోలేదు.

కరీబియన్ పిల్లల వెనుకబాటుకు మాత్రం ఇంత సులువైన మందు లేదు. ఆఫ్రికా నుంచి ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది సొంత దేశంలో బాగా చదువుకున్నవాళ్లు. లండన్‌లో క్లీనింగ్ పనో, సెక్యూరిటీ పనో చేస్తున్నా ఇంట్లో చదువు విలువ తగ్గదు. శనివారం బడులు, చర్చి మనుషులు, ట్యూషన్లు అండగా ఉంటాయి. కరీబియన్ కుటుంబాలు బ్రిటిష్ స్కూళ్లను మూడు తరాలుగా చూస్తున్నాయి. 1960, 70లలో వాళ్ల పిల్లల్ని లెక్కకు మించి మందబుద్ధి పిల్లల స్కూళ్లకు పంపేశారు. ఇప్పటికీ స్కూలు నుంచి సస్పెండ్ అయ్యే పిల్లల్లో వీళ్ల వాటా ఎక్కువే. ఒక వ్యవస్థను ఇంత దగ్గరగా, ఇంతకాలం చూసినవాళ్లకు దాని మీద ఆశ తక్కువగా ఉండటంలో వింతేమీ లేదు. పాత గనుల ఊళ్లలో, సముద్రం ఒడ్డు పట్టణాల్లో ఉండే పేద తెల్ల కుటుంబాల అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఈ రెండు సమూహాలను ఒకరిపై ఒకరిని పోటీకి పెట్టే రాజకీయం వల్ల ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు.

తెలుగువాళ్లు ఈ చిత్రంలో ఎక్కడున్నారు? హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో వీసా తీసుకుని మాస్టర్స్‌కు వెళ్లే వేలమంది ఈ గణాంకాల్లోకి రారు. వాళ్లు విదేశీ విద్యార్థులు, వాళ్ల ఫీజులు వేరు, దారి వేరు. ఈ లెక్కల్లోకి వచ్చేది బ్రిటన్‌లో పెరిగిన పిల్లలు. గుంటూరు, విశాఖ, ఉస్మానియా, కాకతీయ మెడికల్ కాలేజీల్లో చదివి బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరిన డాక్టర్ల పిల్లలు, ఆ తరువాత ఐటీ ఉద్యోగాలతో వెళ్లినవాళ్ల పిల్లలు. వాళ్లందరినీ 'ఇండియన్' అనే ఒకే గడిలో వేస్తారు. 1972లో ఉగాండా నుంచి తరిమేస్తే లెస్టర్ చేరిన గుజరాతీ కుటుంబాలూ, ఫౌండ్రీల్లో పనిచేయడానికి వచ్చిన పంజాబీ కుటుంబాలూ కూడా ఆ గడిలోనే ఉంటాయి. పేరున్న యూనివర్సిటీల్లో చైనా మూలాలవాళ్ల తరువాత ముందువరుసలో ఉండేది ఈ ఇండియన్ పిల్లలే. దీన్ని చూసి మనవాళ్లు సహజంగానే తెలివైనవాళ్లని మురిసిపోవడం తేలిక. డాక్టరు కొడుకు డాక్టరయ్యాడంటే అందులో వాళ్ల నాన్న చదువు పాత్ర ఎంతో కూడా చూడాలి. బ్రిటన్ వీసా నిబంధనలే చదువుకున్నవాళ్లను ఏరి లోపలికి పంపాయి. ఆ పిల్లలు పరుగు మొదలుపెట్టిన గీతే ముందుంది.

తెలుగువాళ్లు బాగా ఎరిగిన లండన్ ప్రాంతం ఈస్ట్ హామ్. దోసె హోటళ్లు, ఇండియన్ సరుకుల కొట్లు, అద్దె గదులు అన్నీ అక్కడే. అదే ఈస్ట్ హామ్‌లో బ్రాంప్టన్ మేనర్ అకాడమీ అనే ప్రభుత్వ నిధులతో నడిచే స్కూలుంది. విద్యార్థుల్లో ఎక్కువమంది మైనారిటీలు, చాలామంది పేద కుటుంబాలవాళ్లు. 2021లో ఆ స్కూలు పిల్లలకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల నుంచి 55 ఆఫర్లు వచ్చాయి. ఆ ఏడు ఈటన్ కాలేజీ అనే ఖరీదైన ప్రైవేటు స్కూలుకు వచ్చినవి 48. ప్రధానమంత్రులను తయారుచేసిన స్కూలును ఈస్ట్ హామ్ స్కూలు దాటేసింది. అక్కడ చేసింది మంత్రమేమీ కాదు. ఏ సబ్జెక్టు తీసుకుంటే ఏ తలుపు తెరుచుకుంటుందో ముందే చెప్పడం, దరఖాస్తు రాయించడం, ఇంటర్వ్యూకు తయారుచేయడం, గ్రేడ్లు రాబట్టడం. ఫీజు కట్టే స్కూళ్లలో ఎప్పటినుంచో చేస్తున్నదే. పదహారేళ్లకే బాగా చదివే పిల్లల్ని ఏరి తీసుకుంటుందన్న విమర్శ దాని మీద ఉంది, అందులో నిజం ఉంది. అయినా, తేడాలో పెద్ద భాగం గేటుకు ముందే తయారవుతుందన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మనకు తెలిసిన రిజర్వేషన్ కోటా బ్రిటన్‌లో చెల్లదు. 2010 సమానత్వ చట్టం ప్రోత్సాహక చర్యలను అనుమతిస్తుంది కానీ జాతి ఆధారంగా సీట్లు కేటాయించడాన్ని ఒప్పుకోదు. దాని బదులు యూనివర్సిటీలు నేపథ్యాన్ని చూసి, అవసరమైనవాళ్లకు ఒకటి రెండు గ్రేడ్లు తగ్గించి ఆఫరిస్తాయి. నేపథ్యాన్ని కొలిచే తీరులోనే పెద్ద లోపముంది. చాలాకాలం వాడింది 'పోలార్' అనే కొలమానం. ఒక ప్రాంతంలో యువకులు ఎంతమంది పై చదువులకు వెళ్తున్నారో చూసి, ప్రాంతాలను ఐదు భాగాలు చేస్తుంది. అట్టడుగు భాగంలో ఉన్న పిన్‌కోడ్ అయితే రాయితీ. ఇప్పుడు తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో ఒక వీధిని తీసుకోండి. ఒకవైపు పది లక్షల పౌండ్ల ఇళ్లు, ఎదురుగా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పేదలకు అద్దెకిచ్చే బహుళ అంతస్తుల ఫ్లాట్లు. పైగా వలస కుటుంబాల పిల్లలు పేదరికంలోనూ డిగ్రీకి వెళ్తున్నారు కాబట్టి ఆ ప్రాంతం మొత్తం 'ఎక్కువ చదివే ప్రాంతం' అయిపోతుంది. పోలార్ అట్టడుగు భాగంలో లండన్ ప్రాంతాలు దాదాపు కనబడవు. అలా ఫ్లాట్‌లో ఉండే సొమాలీ అమ్మాయి, ఉచిత భోజనం తిని చదువుకున్నా, రాయితీ పరిధిలోకి రాదు. ఉత్తరాదిలో వెనుకబడిన పిన్‌కోడ్‌లో సొంతిల్లు కొనుక్కున్న డాక్టరు గారి అబ్బాయికి మాత్రం అది వర్తిస్తుంది.

ఆ అమ్మాయి చుట్టుపక్కలవాళ్లు ఎక్కువమంది యూనివర్సిటీకి వెళ్లడమే ఆమెకు అడ్డంకిగా మారింది. వాళ్లు ఏ యూనివర్సిటీకి వెళ్లారన్నది పోలార్ అడగదు. దాని స్థానంలో వచ్చిన 'టండ్రా' కూడా ప్రాంతాన్నే కొలుస్తుంది. కుటుంబ ఆదాయాన్ని, ఉచిత భోజన అర్హతను మనిషి మనిషికీ చూసి ఆఫర్లిచ్చే పద్ధతికి కొన్ని యూనివర్సిటీలు మళ్లాయి. మిగిలినవి ఇంకా పిన్‌కోడ్ దగ్గరే ఉన్నాయి.